మలుపు ఎప్పుడో తెలియని సంగీతం

సినిమాకు నేపథ్య సంగీతం కూర్చేవాళ్లకు ఒక భరోసా ఉంటుంది. ఎడిటింగ్ పూర్తయిన బొమ్మ ముందు పెట్టుకుని రీరికార్డింగుకు కూర్చుంటారు. విలన్ తలుపు తీసేది ఏ క్షణంలోనో, హీరో కత్తి దూసేది ఏ ఫ్రేములోనో అప్పటికే ఖరారై ఉంటుంది. వయొలిన్లు ఎక్కడ ఎగియాలో, ఎక్కడ ఆగాలో లెక్క కట్టుకోవచ్చు. వీడియో గేముకు సంగీతం రాసేవాళ్లకు ఆ భరోసా లేదు. ఆటగాడు తలుపు దగ్గరికి వచ్చి మూడు సెకన్లలో తీయొచ్చు, పావుగంట అక్కడే తచ్చాడొచ్చు, అసలు తీయకుండా వెనక్కి తిరిగిపోవచ్చు. మూడింటికీ సంగీతం సరిపోవాలి. పైగా ప్రతిసారీ ఆ సన్నివేశం కోసమే కూర్చినట్టు వినిపించాలి.

ఈ చిక్కుతో కుస్తీ పడుతూ దాదాపు యాభై ఏళ్లు గడిచాయి. గేమ్ ఆడియో చరిత్రను సాధారణంగా నాణ్యత పెరిగిన కథగా చెబుతారు. బీప్ శబ్దాలతో మొదలై వందమంది వాద్యబృందం దాకా వచ్చిందంటారు. అది నిజమే గాని అసలు సంగతి అందులో దొరకదు. స్వరం ఎంత నిండుగా మోగుతోంది అన్నదానికన్నా, ఆ స్వరం ఆటగాడు చేసే పనిని పట్టించుకుంటోందా లేదా అన్నదే ఈ కళకు ప్రాణం అని నేను నమ్ముతాను. ఆ కొలతతో చూస్తే, ముందడుగులుగా పేరుపడ్డవాటిలో కొన్ని వెనకడుగులుగా తేలతాయి.

1978లో జపాన్‌లో టైటో సంస్థ 'స్పేస్ ఇన్వేడర్స్'ను విడుదల చేసింది. రూపకర్త తోమొహిరో నిషికాదో. అందులో ఉన్నది నాలుగు మంద్రస్వరాలు మాత్రమే. మెట్లు దిగుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మళ్లీ. శత్రువులు చచ్చేకొద్దీ తెరమీద గీయవలసిన బొమ్మలు తగ్గి యంత్రానికి పని తేలికయ్యేది, మిగిలినవాళ్ల వేగం పెరిగేది. నిషికాదో దాన్ని లోపమని సరిదిద్దకుండా ఆటలో భాగంగా ఉంచాడు. ఆ వేగంతోపాటే నాలుగు స్వరాల నడకా పెరుగుతుంది. ఆడుతున్నవాడి గుండె దానితో పోటీ పడుతుంది. పాట అనడానికి వీల్లేని ఆ నాలుగు స్వరాలు ఆట పరిస్థితిని బట్టి నడక మార్చుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన సంగీతాలు చేయలేకపోయిన పని అది.

1983లో వచ్చిన నింటెండో ఫామికామ్‌లో శబ్దానికి ఐదే ఛానెళ్లు. రెండు చతురస్ర తరంగాలకు, ఒకటి త్రిభుజ తరంగానికి, ఒకటి రొదకు, ఒకటి చిన్న రికార్డింగులకు. సంగీతమూ చప్పుళ్లూ ఈ ఐదింటినే పంచుకోవాలి. మారియో ఎగిరినప్పుడు ఆ ఎగిరే చప్పుడు ఒక ఛానెల్‌ను లాక్కుంటుంది, అందులో నడుస్తున్న స్వరవరుస ఆ లిప్తపాటు తప్పుకుంటుంది. కాబట్టి ఎక్కడ చిల్లు పడినా నిలబడే పాటను కోజీ కోందో రాయవలసి వచ్చింది. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో గడియారం 100కు దిగగానే అదే పాట పరుగు అందుకుంటుంది. ఆ ఒక్క మార్పుతో 'టైమ్ అయిపోతోంది' అని ఎవరూ చెప్పనక్కర్లేకుండా పిల్లలకు తెలిసిపోయేది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో తన జాతీయ రికార్డింగుల జాబితాలో ఈ పాటను చేర్చింది. గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1990 నాటి 'సూపర్ మారియో వరల్డ్'లో కోందో ఇంకో అడుగు వేశాడు. యోషీ అనే డైనోసార్ వీపెక్కితే పాటలోకి బోంగో దరువు వచ్చి చేరుతుంది, దిగితే పోతుంది. నేటి గేముల్లో 'పొరలు' అని పిలిచే పద్ధతి మొత్తం ఆ బోంగోల్లో ఉంది.

ఇంత చిన్న యంత్రాల్లో ఇదంతా ఎలా కుదిరింది? అప్పటి సంగీతం రికార్డు చేసిన ధ్వని కాదు, ఆదేశాల పట్టీ. ఫలానా స్వరం, ఫలానా క్షణంలో, ఇంతసేపు అని చిప్‌కు చెప్పడమే. ఆదేశాన్ని మార్చడానికి క్షణం చాలు. ఈ వెసులుబాటును అందరికన్నా లోతుగా వాడుకున్నవాళ్లు లూకాస్ఆర్ట్స్‌లో పనిచేసిన మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్. వాళ్లు తయారుచేసిన 'ఐమ్యూజ్' అనే వ్యవస్థ 1991లో 'మంకీ ఐలండ్ 2'తో బయటికొచ్చింది, 1994లో పేటెంటు పొందింది. స్వరకర్త తన పాటలో అక్కడక్కడా గుర్తులు పెడతాడు. ఆట నుంచి 'చోటు మారింది' అని కబురు రాగానే, పాట ఉన్నపళాన తెగదు. దగ్గర్లోని గుర్తు దాకా సాగి, అక్కడికి తగిన చిన్న వంతెన పలుకు పలికి, కొత్త పాటలోకి దిగుతుంది. ఆ గేములో ఓడల శిథిలాలతో కట్టిన వుడ్‌టిక్ అనే ఊరుంది. ఒక్కో గదిలోకి వెళ్తుంటే ఊరి పాటే అక్కడి మనిషికి తగ్గట్టు వాద్యమూ తీరూ మార్చుకుంటుంది. బయటికొస్తే మళ్లీ మామూలు రూపులోకి వస్తుంది. ఎక్కడా అతుకు కనబడదు. ఈ రోజు విన్నా ఆ అల్లిక నన్ను నిలబెట్టేస్తుంది.

అప్పుడే సీడీ వచ్చింది. తొంభైల నడిమికల్లా నిజమైన వాద్యబృందం రికార్డింగును గేములో వినిపించడం సాధ్యమైంది. స్వరం మెరుగుపడింది, వినికిడి పోయింది. సీడీ మీద పాట అంటే మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున నడిచేది. మధ్యలో మలుపు తిప్పలేం, ట్రాకు మార్చాలంటే లేజరు వెతుక్కుంటూ వెళ్లేదాకా నిశ్శబ్దం. 'స్టార్ వార్స్' గేములు దీనికి తిరుగులేని ఉదాహరణ. 1993లో వచ్చిన 'ఎక్స్-వింగ్', 1994లో వచ్చిన 'టై ఫైటర్' ఐమ్యూజ్ మీద నడిచాయి. కొత్త శత్రునౌక రాగానే, గెలుపు దగ్గరపడగానే సంగీతం స్పందించేది, మోగే తీరు మాత్రం కాస్త బొంగురు. 1997 నాటి 'ఎక్స్-వింగ్ వర్సెస్ టై ఫైటర్'లో జాన్ విలియమ్స్ అసలు రికార్డింగులనే సీడీ నుంచి వినిపించారు. ధ్వని మహత్తరంగా ఉంది. కానీ నువ్వు గెలిచినా ఓడినా దానికి పట్టదు. నాణ్యత పెరిగిన కథ చెప్పేవాళ్లు ఈ సంవత్సరాలను విజయంగా లెక్కేస్తారు. నా దృష్టిలో ఇవి పోగొట్టుకున్న ఏళ్లు.

రికార్డు చేసిన సంగీతానికి మళ్లీ కదలిక నేర్పడానికి రెండు దారులు తేలాయి. ఒకటి, సంగీతాన్ని ముక్కలుగా కోసి ఆట నడిచేకొద్దీ వరస మార్చి అతకడం. రెండోది, ఒకే నిడివిగల పొరలను ఒకేసారి నడుపుతూ కొన్నింటిని పైకెత్తడం, కొన్నింటిని దించడం.

మొదటి దారిలో చిక్కంతా వేచి ఉండటంలోనే. నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి దెబ్బల గతి అనుకుందాం. ఒక్కో గతికి రెండు సెకన్లు. గతి మొదలైన మరుక్షణం పొదలోంచి పులి దూకితే, తర్వాతి గతి మొదటి దెబ్బ దాకా ఆగి సంగీతం మారేసరికి పులి మీద పడిపోయి ఉంటుంది. ఆగకుండా తెంపితే చెవికి గాయం. దెబ్బ దెబ్బకీ మారే వీలు కల్పిస్తే అరసెకనే ఆలస్యం, కానీ అంత పొట్టి ముక్కలతో రాగం నిలవదు. అందుకే పనితనం తెలిసినవాళ్లు పులి దూకిన క్షణానే ఒక పెద్ద తాళం దెబ్బనో ఇత్తడి కేకనో వేసి, ఆ మోత మరుగున కింది పాటను మారుస్తారు. 1998లో వచ్చిన 'జెల్డా: ఆకరినా ఆఫ్ టైమ్'లో విశాలమైన మైదానానికి కోందో చిన్న చిన్న ఖండాలు రాశాడు. దేని తర్వాత ఏది వచ్చినా అతుకుతుంది. ప్రతి రోజూ వరస వేరు. శత్రువు దగ్గరైతే ఉద్రిక్త ఖండాలు, కదలకుండా నిలబడితే నెమ్మది ఖండాలు. గంటలకొద్దీ తిరిగే మైదానంలో విసుగు పుట్టకపోవడానికి కారణం అదే.

రెండో దారి ఇప్పుడు రాజ్యమేలుతోంది. 2010 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్'కు బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ సంగీతాన్ని ఒకే శ్రుతిలో, ఏ మైనర్‌లో, నిమిషానికి 130 దెబ్బల నడకలో రికార్డు చేశారు. ఏ ముక్క ఏ ముక్క మీద పడినా కలుస్తుంది. గుర్రమెక్కితే బాస్ గిటారు చేరుతుంది, తుపాకీ మోగితే డోళ్లు చేరతాయి. 2008 నాటి 'డెడ్ స్పేస్'లో జేసన్ గ్రేవ్స్ భయానికి నాలుగు మెట్లుగా పొరలు రాశాడు. రాక్షసి ఎంత దగ్గరైతే అంత పై పొర తెరుచుకుంటుంది. ఆరు పొరలుంటే నిశ్శబ్దంతో సహా 64 కలయికలు, అంతా కలిపి రాసింది ఒక్క పాటే. ఖర్చు లెక్క చూసే నిర్మాతకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇందులో చెల్లించే మూల్యం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఎప్పుడు ఏ పొర ఏ పొరతో కలిసినా పొసగాలంటే స్వరసమ్మేళనం కదలకూడదు. అది మారితే అన్ని పొరలూ ఒకేసారి మారాలి. అందుకని స్వరకర్త కదలికే మానుకుంటాడు. పెద్ద బడ్జెట్ గేముల్లో పోరాట సంగీతం చాలావరకు ఒకే మంద్రస్వరం మీద డోళ్లు మోగించినట్టు వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం. గేము కట్టేశాక ఈల వేసుకోవడానికి ఒక వరుస కూడా మిగలదు. మరో దోషం ఇంతకన్నా పెద్దది. సంగీతం అలారంగా మారిపోతుంది. డోళ్లు వినబడ్డాయంటే శత్రువు ఉన్నాడు, ఆగాయంటే లేడు. ఆటగాడు చుట్టూ చూడటం మానేసి పాట చెప్పిన మాట నమ్ముకుంటాడు. భయపెట్టడానికి రాసిన సంగీతం ధైర్యం చెబుతోందన్నమాట. 1999లో 'సైలెంట్ హిల్' అలారాన్ని దాచుకోకుండా కథలోనే పెట్టింది. నాయకుడి జేబులోని రేడియో, భూతం దగ్గరికొస్తే గరగరలాడుతుంది. ఏ దిక్కునుంచో, ఎంత దూరంలోనో చెప్పదు. సమాచారం ఇస్తూనే భయం పెంచిన అరుదైన ఎత్తుగడ అది.

స్పందించడమంటే ప్రతిదానికీ మోగడం అనుకోకూడదు. 2017 నాటి 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో కొండల మీద నడుస్తుంటే ఎక్కువసేపు గాలీ గడ్డీ పిట్టలూ మాత్రమే వినిపిస్తాయి. ఎప్పుడో నాలుగు పియానో స్వరాలు రాలి ఆగిపోతాయి. పాత ఘనమైన మైదానం పాట ఏదీ అని కొందరు అభిమానులు నొచ్చుకున్నారు. నేను ఆ నిశ్శబ్దం పక్షం. 'మైన్‌క్రాఫ్ట్'లో సీ418 అనే పేరుతో పనిచేసిన స్వరకర్త పాటలు కూడా ఆట పరిస్థితిని అంటిపెట్టుకోవు. చాలాసేపు ఏమీ లేక, ఉన్నట్టుండి వస్తాయి. ఆ పాటల ఆల్బమ్ 2025లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాకెక్కింది. ఆటగాడికి తన ఆలోచన తనకు వినబడే చోటు మిగల్చడం కూడా అతని పనిని పట్టించుకోవడమే.

సంగీతం గురించి ఇంత మాట్లాడుకుంటాం గాని, నిజానికి ఆటగాడి ప్రతి కదలికకూ బదులిచ్చేవి చప్పుళ్లు. అడుగుల చప్పుడే తీసుకోండి. మట్టి, రాయి, చెక్క, గడ్డి, నీరు. నడక, పరుగు. ఒక్కోదానికి ఎనిమిది రికార్డింగులంటే మొత్తం 80. ఎనిమిది ఎందుకంటే, ఒకే చప్పుడు రెండుసార్లు అచ్చంగా అలాగే వినబడితే చెవి వెంటనే పట్టేస్తుంది, మనిషి నడుస్తున్నాడన్న నమ్మకం పోతుంది. అందుకే ముక్కలను కలగాపులగంగా ఎంచుతారు, ప్రతిసారీ శ్రుతినీ శబ్దతీవ్రతనూ కొంచెం అటూ ఇటూ జరుపుతారు. మన తోలుబొమ్మలాటలో యుద్ధఘట్టం వస్తే బొమ్మ ఆడించేవాళ్లే గజ్జెలు కట్టిన కాళ్లతో చెక్కపలకల మీద తొక్కి మోత పుట్టిస్తారు. బొమ్మను కదిపే మనిషీ చప్పుడు చేసే మనిషీ ఒకరే కాబట్టి దెబ్బ ఎప్పుడూ తప్పదు. గేములో ఆ ఏకత్వాన్ని యంత్రంతో సాధించాలి.

సాధించడానికి అడ్డం పడేది ఆలస్యం. సెకనుకు 48,000 నమూనాల ధ్వనిని 1,024 నమూనాల మూటలుగా పంపితే ఒక్కో మూటకు 21 మిల్లీసెకన్లు. అంతవరకు చెవి ఓర్చుకుంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెడితే దానికి మరో వందో రెండొందలో మిల్లీసెకన్లు కలుస్తాయి, తుపాకీ పేలిన తర్వాత చప్పుడు వస్తుంది. ఫోన్లో పబ్‌జీ రకం ఆటలు పట్టుదలగా ఆడే మన కుర్రాళ్లు తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌ను వదలకపోవడానికి కారణమిదే. ఆ ఆటలో వినికిడే ఆయుధం. తూటా ధ్వనికన్నా వేగంగా వస్తుంది కనుక ముందు తూటా చెవి పక్క చిట్లినట్టు వినిపిస్తుంది, తుపాకీ మోత వెనక వస్తుంది. రెంటి మధ్య ఎడాన్ని బట్టి కాల్చినవాడి దూరాన్ని అంచనా వేస్తారు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుందన్న పాఠం వాళ్లకు వేళ్ల చివర ఉంది. మొబైల్ రూపంలో అడుగులనూ కాల్పులనూ చిన్న మ్యాపు మీద గుర్తులుగా కూడా చూపిస్తారు. ఫోన్ శబ్దం ఆపి ఆడేవాళ్లకే కాక, వినబడనివాళ్లకూ అది దారి తెరిచింది.

వందల చప్పుళ్లు ఒకేసారి పుట్టే చోట ఏది వినిపించాలన్నదే మిక్సింగ్. సినిమాలో దాన్ని మనిషి కూర్చుని తేలుస్తాడు, గేములో అప్పటికప్పుడు నియమాలు తేల్చాలి. స్వీడన్‌కు చెందిన డైస్ స్టూడియో 2008లో 'బ్యాటిల్‌ఫీల్డ్: బ్యాడ్ కంపెనీ'లో ఒక మంచి నియమం పెట్టింది. పక్కనే ట్యాంకు పేలితే, దానికన్నా బాగా చిన్నవైన చప్పుళ్లను ఆ క్షణానికి వినిపించరు. పేలుడు సద్దుమణిగాక గడ్డిలో అడుగులు మళ్లీ తేలతాయి. నిజ జీవితంలో మన చెవి చేసే పని కూడా అలాంటిదే. 2017లో వచ్చిన 'హెల్‌బ్లేడ్'లో నింజా థియరీ బృందం మనిషి తలలాంటి మైకుతో గొంతులను రికార్డు చేసింది. మానసిక వ్యాధితో బాధపడే నాయిక సెనువా చెవుల చుట్టూ ఆ గొంతులు గుసగుసలాడతాయి, ఎగతాళి చేస్తాయి, ఒక్కోసారి వెనకనుంచి వచ్చే కత్తి గురించి హెచ్చరిస్తాయి. ఆ అనుభవం ఉన్నవాళ్లనూ కేంబ్రిడ్జ్ వైద్యులనూ సంప్రదించి చేసిన పని కనుక అందులో నిజాయితీ వినిపిస్తుంది.

ఇవన్నీ చేతికందించే పనిముట్లు ఇప్పుడు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఎఫ్‌మాడ్, 2006లో మాంట్రియల్ నుంచి వచ్చిన వైజ్ ఎక్కువ వాడుకలో ఉన్నాయి. వైజ్‌ను తయారుచేసే ఆడియోకైనెటిక్ 2019 నుంచి సోనీ చేతిలో ఉంది. ఏ సంఘటనకు ఏ ధ్వని, ఏ విలువ పెరిగితే ఏ పొర అన్నది స్వరకర్త తానే అమర్చుకోవచ్చు, ప్రతిదానికీ ప్రోగ్రామర్‌ను బతిమాలనక్కర్లేదు. అయినా చాలాచోట్ల ఆడియోవాళ్లను ఆట దాదాపు పూర్తయ్యాక పిలుస్తారు. అప్పుడిక సంగీతం ఆటకు బదులివ్వగలదు గాని, ఆటను మలచలేదు.

మలచిన ఆటలు కొన్నే, కానీ అవే నాకు ఇష్టం. 1987లో తోషియో ఇవాయి చేసిన 'ఓటోకీ'లో ఆటగాడు బంతి విసిరిన ప్రతిసారీ దిక్కును బట్టి ఒక స్వరం పలుకుతుంది. ఎప్పుడు విసిరినా తాళంలోనే పడుతుంది. 2001 నాటి 'రెజ్'లో తెత్సుయా మిజుగుచి బృందం తూటాలను అదే పద్ధతిలో లయలో కూర్చింది. ఆటగాడు కాల్చడం మొదలుపెట్టి, కాసేపటికి వాయిస్తున్నానని గ్రహిస్తాడు. యంత్రమే అప్పటికప్పుడు సంగీతం అల్లే ప్రయత్నాలూ ఉన్నాయి. 2008లో 'స్పోర్'కు బ్రయాన్ ఈనో చేయి వేశాడు. 2016 నాటి 'నో మ్యాన్స్ స్కై'కి '65డేస్ఆఫ్‌స్టాటిక్' బృందం ఇచ్చిన ముక్కలను పాల్ వైర్ నడిపించిన వ్యవస్థ కలిపి వాయిస్తుంది. అంతులేని గ్రహాలకు అంతులేని సంగీతం కావాలంటే వేరే దారి లేదు. అయితే వీటిలో గుర్తుండిపోయే చోట్లన్నీ మనుషులు ముందుగా శ్రద్ధగా ఎంచి ఇచ్చిన ముక్కల వల్లే వచ్చాయి. ఏఐ గురించి ఇప్పుడు రేగుతున్న ఆశకూ భయానికీ ఇదే నా జవాబు.

చూపులేనివాళ్ల విషయంలో ఈ కళ చేసిన మేలు వేరే ఎత్తు. 1997లో కెంజీ ఈనో తన ఆటలు ఆడే అంధులను కలిశాక, తెరమీద బొమ్మే లేని 'రియల్ సౌండ్' అనే గేమును సెగా సాటర్న్‌కు తయారుచేశాడు. ఇప్పుడా ఆలోచన పెద్ద ఆటల్లోకి వచ్చింది. 2020 నాటి 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'ను చూపు లేకుండా ధ్వని సంకేతాలతో చివరిదాకా ఆడొచ్చు. 2023లో 'స్ట్రీట్ ఫైటర్ 6' ప్రత్యర్థి దూరాన్ని శబ్దంగా వినిపించే సదుపాయం తెచ్చింది. 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' మలుపులను చెవికి తెలియజేస్తుంది. అలంకారం అనుకున్నది ఆధారమైంది.

మన సంగీతం ఇందులోకి ఎలా వస్తుందన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన 'రాజీ' భారతీయ పురాణకథతో ప్రపంచం మెప్పు పొందింది. దానికి సంగీతం కూర్చినవాడు గ్రీసుకు చెందిన లీనోస్ త్సెలోస్. ఆ సంగీతం నాకు నచ్చింది. కానీ సితార్, తబలా మోగినంత మాత్రాన సంగీతం నడిచే పద్ధతి మనది కాదు. మన దగ్గర పద్ధతే ఎక్కువ విలువైనది. పొరలు స్వరసమ్మేళనాన్ని కదలనివ్వవన్న మూల్యం కర్ణాటక సంగీతం చెల్లించనక్కర్లేదు. అది మొదటినుంచీ ఒకే షడ్జం మీద నిలబడి, కదలికంతా రాగంలో చూపిస్తుంది. కష్టం వేరే చోట ఉంది. తోడిలో గాంధారం ఊగుతుండగా ముక్క తెగితే అది రాగం కాదు. కాబట్టి కోత ఎప్పుడూ రాగం విశ్రాంతిగా నిలిచే న్యాసస్వరం దగ్గరే పడాలి, రికార్డింగునాడే పాడేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

వేచి ఉండే చిక్కుకు మన మృదంగంలో సిద్ధంగా జవాబుంది. నిమిషానికి 80 అక్షరాల నడకలో ఆదితాళం ఆవృతం ఆరు సెకన్లు. పులి దూకాక అంతసేపు ఆగలేం. కానీ ముక్తాయింపు ఉందిగా. ఆవృతంలో ఎక్కడ మొదలైనా సమం మీదికి, అంటే తర్వాతి ఆవృతం మొదటి దెబ్బకు, చేరేలా, మూడుసార్లు తిప్పి దింపే లెక్క విద్వాంసులకు వెన్నతో పెట్టిన విద్య. ఒకటి నుంచి ఏడు దాకా ఎన్ని అక్షరాలు మిగిలితే అన్నింటికి సరిపోయే ముక్తాయింపులను విడివిడిగా రికార్డు చేసి వైజ్‌లో అమర్చితే, పులి ఎప్పుడు దూకినా తర్వాతి దెబ్బకే ముక్తాయింపు అందుకుంటుంది, సమానికి పోరాటం మొదలవుతుంది. వేచి ఉన్న సమయమే ఉత్కంఠ అవుతుంది. హైదరాబాదులో పెద్ద గేమ్ కంపెనీల స్టూడియోలున్నాయి, భారత గేమ్ డెవలపర్ల సదస్సు ఎన్నో ఏళ్లు ఇక్కడే జరిగింది, రీరికార్డింగ్ చేయి తిరిగిన సౌండ్ ఇంజినీర్లూ ఇక్కడే ఉన్నారు. ఒక చిన్న బృందం ఒక మృదంగ విద్వాంసుడికి ఆట చూపించి, 'మలుపు ఎప్పుడో మాకూ తెలియదు, మీరైతే ఏం చేస్తారు?' అని అడిగి రికార్డింగు మొదలుపెట్టడానికి కావలసినవన్నీ ఈ ఊళ్లో ఉన్నాయి.